గేమ్ బాక్సు తాళం ఎవరి చేతిలో?

పండగ సెలవులు అయిపోయి బళ్లు తెరిచాక మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల గేమ్ బాక్సుల మీదే. గోదావరికి ఇటు నుంచీ అటు నుంచీ కూడా రాశారు. చాలామంది ఇళ్లలో ఉన్నది ప్లేస్టేషన్ కాబట్టి జవాబులు ముఖ్యంగా దాని గురించే. మిగతా వాటి గురించి చివర్లో కొంచెం చెబుతాం.

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. మా ఆయన కువైట్‌లో పని చేస్తారు. కిందటి సెలవుకి వచ్చినప్పుడు బాబుకి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) తెచ్చారు. బాబు ఏడో తరగతి. సాయంత్రం 5 నుంచి 7 దాకానే ఆడేలా ఆయనే అక్కడి నుంచి ఫోన్‌లో పెట్టారు. ఇక్కడ చూస్తే 5 గంటలకి ఆన్ చేస్తే ఆట రాదు, ఏడున్నరకి మొదలవుతుంది, తొమ్మిదిన్నర దాకా నడుస్తుంది. వీడేదో కెలికాడని ఆయన, బాక్సే పాడైందని మా మరిది. ఆ టైము కూడా అయిపోతే నాన్నకి రిక్వెస్ట్ పెడతాడు, ఆయన వెంటనే ఇంకో గంట ఇచ్చేస్తారు. నేను కోప్పడితే మా అత్తగారు "పోనీలే అమ్మా, తండ్రి దగ్గర లేని పిల్లాడు, కాసేపు ఆడుకోనీ" అంటారు. చివరికి ఇంట్లో చెడ్డదాన్ని నేనే అవుతున్నాను. – ఒక తల్లి

జవాబు: బాక్సు బాగానే ఉందమ్మా, బాబు కూడా ఏమీ కెలకలేదు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆట సమయం పెట్టేచోట టైమ్ జోన్ అని ఒకటి అడుగుతుంది, మీ ఆయన అక్కడ తనున్న ఊరిది పెట్టేసి ఉంటారు. అక్కడ సాయంత్రం 5 అంటే మనకి ఏడున్నర, అక్కడ 7 అంటే మనకి తొమ్మిదిన్నర. మీరు రాసిన గంటలతో లెక్క ముక్కకి ముక్క సరిపోయింది. సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ అండ్ పేరెంటల్ కంట్రోల్స్, అందులో ఫ్యామిలీ మేనేజ్‌మెంట్, అక్కడ బాబు పేరు మీద నొక్కితే ప్లేటైమ్ వస్తుంది, దాంట్లో టైమ్ జోన్ ఇండియాకి మార్చమనండి. మీ మరిదిని ఆ బాక్సు విప్పకుండా ఆపండి చాలు.

అక్కడే ఇంకోటి కూడా చూడమనండి. టైము అయిపోయాక ఏం జరగాలి అన్నదానికి రెండు దారులు ఉంటాయి, ఒకటి తెర మీద ఊరికే చెప్పడం, రెండోది బయటికి పంపేయడం, అంటే లాగౌట్. మొదటిది పెట్టుంటే "నీ టైము అయిపోయింది" అని వస్తుంది, ఆట మాత్రం నడుస్తూనే ఉంటుంది. లిమిట్ పెట్టాం, పనిచేయట్లేదు అనేవాళ్లలో చాలామంది ఇంట్లో ఉండేది ఇదే. వారంలో ఏ రోజుకి ఆ రోజు వేరే గంటలు కూడా పెట్టుకోవచ్చు, ఆదివారం కాస్త ఎక్కువ, ట్యూషన్ ఉన్న రోజు తక్కువ, మీ ఇష్టం.

ఇక రిక్వెస్టుల సంగతి. ఇందులో బాక్సు తప్పేం లేదు, పిల్లాడి తప్పు అంతకన్నా లేదు. మన రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్‌కి మనిషి వెళ్లని వీధి ఉంటుందా? అక్కడ పని దిగి గదికి చేరి ఫోన్ తీస్తే కొడుకు "నాన్నా ఒక్క గంట" అని అడిగితే కాదనే తండ్రి ఎవరు చెప్పండి. ఆ గంట ఇవ్వడానికి ఆయనకి ఒక్క నొక్కు చాలు, మర్నాడు పొద్దున్న నిద్ర లేపి బడికి పంపాల్సింది మాత్రం మీరు. అందుకని మేం చెప్పేది ఒకటే, ఇంట్లో ఉన్న మనిషి చేతిలోనే ఆ తాళం ఉండాలి. దీనికి దారి కూడా ఉంది. ఇప్పుడు మీ ఆయన ఫ్యామిలీ మేనేజర్. మీ పేరు మీద ఒక పెద్దవాళ్ల అకౌంట్ తెరిచి, ఆయన మిమ్మల్ని ఆ ఫ్యామిలీలో చేర్చి గార్డియన్‌గా పెడితే, గంటలు మార్చడం, అదనపు టైము ఇవ్వడం, ఇవ్వకపోవడం అన్నీ మీ ఫోన్ నుంచే చేయొచ్చు. డబ్బు మాత్రం మేనేజర్ వాలెట్ (అకౌంట్‌లో ముందుగా వేసి ఉంచే సొమ్ము) నుంచే పోతుంది కాబట్టి ఆ బాధ్యత ఆయనకే ఉంచండి. మీరు గార్డియన్ అయినా సరే, ఆయన అక్కడి నుంచి గంటలు ఇస్తూనే ఉండొచ్చు, దాన్ని ఆపే సెట్టింగ్ ఏదీ లేదు. అది మీరిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని "అదనపు టైము అడిగితే అమ్మని అడుగు" అన్న ఒక్క మాట ఆయన నోటితోనే బాబుకి చెప్పించాల్సిన విషయం. మీరు చెబితే అత్తగారి దగ్గర మళ్లీ మీరే చెడ్డవాళ్లు.

ఇంకో చిన్న సంగతి, ఆ అకౌంట్ కువైట్ పేరుతో తెరిచి ఉంటే తర్వాత దేశం మార్చడం కుదరదు. స్టోరులో ధరలు డాలర్లలో కనిపిస్తాయి, ఇక్కడ కొన్న ఇండియా గిఫ్ట్ కార్డు దాంట్లో పనిచేయదు. పుట్టినరోజుకి బాబాయిలు కార్డులు కొనిచ్చే ముందు ఇది చెప్పి ఉంచండి.

ప్రశ్న: నేను పాలకొల్లులో ఉంటాను, రిటైరైన మాస్టారిని. హైదరాబాద్‌లో ఉండే మా మనవడు పండక్కి వస్తూ గేమ్ బాక్సు కూడా మోసుకొచ్చాడు. ఇక్కడున్నన్నాళ్లూ ఫుట్‌బాల్ ఆటే. వెళ్లాక మా అబ్బాయి ఫోన్ చేసి "నాన్నా, వాడు ఆటలో ఏవో ప్యాకెట్లు కొని ఎనిమిది వేలు తగలేశాడు, మీరు చూసుకోలేదా" అన్నాడు. ఓటీపీ రాకుండా డబ్బెలా పోయిందండీ? తిరిగి వస్తుందా? నేను మాత్రం కర్ర పుచ్చుకుని టీవీ ముందు కూర్చోవాలా ఏమిటి? – ఒక తాత

జవాబు: కర్ర అక్కర్లేదు మాస్టారూ. మీ మీద నింద కూడా అన్యాయం. ఇది మీ ఇంట్లో జరిగింది గానీ, తలుపు తెరిచి ఉంచింది హైదరాబాద్‌లోనే. పద్ధతి ప్రకారం పెట్టిన పిల్లల అకౌంట్‌లో నెలకి ఎంత ఖర్చు పెట్టొచ్చు అన్నది మొదట సున్నాగా ఉంటుంది. పెద్దవాళ్లు పెంచితే తప్ప రూపాయి కదలదు. మరి మీవాడు కొన్నాడంటే వాళ్ల నాన్న పేరుతో ఉన్న ప్రొఫైల్‌లోకి వెళ్లి కొని ఉండాలి. దానికి పాస్‌కోడ్ లేదు, బాక్సు ఆన్ చేసి ఆ బొమ్మ మీద నొక్కడమే.

ఓటీపీ ఎందుకు రాలేదంటారా, కార్డు నుంచి వాలెట్‌లోకి డబ్బు వేసేటప్పుడే అది అడిగి ఉంటుంది. ఒకసారి వాలెట్‌లో పడ్డాక అందులోంచి తీసి ఖర్చు పెట్టేటప్పుడు బ్యాంకుకి సంబంధం లేదు. మీ అబ్బాయి ఎప్పుడో ఏదో కొందామని వేసి ఉంచిన సొమ్మై ఉంటుంది. నెలవారీ చందాల సంగతి ఇంకోలా ఉంటుంది, మొదటిసారి ఒప్పుకున్నాక 15,000 రూపాయల లోపు ప్రతిసారీ ఓటీపీ లేకుండానే తీసుకునేలా రిజర్వ్ బ్యాంకు 2022లో అనుమతించింది. కట్ చేసే ముందు 24 గంటల ముందుగా బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి, దాన్ని చదవకుండా తోసేసేవాళ్లే ఎక్కువ. ఇక గల్ఫ్ బ్యాంకు కార్డులైతే మన నిబంధన వాటికి వర్తించదు, ప్రతిసారీ ఓటీపీ అడుగుతుందన్న నమ్మకం అసలు పెట్టుకోవద్దు.

డబ్బు తిరిగి రావడం కష్టం. ప్లేస్టేషన్ స్టోరులో కొన్న ఆటని 14 రోజుల్లోపు, ఇంకా డౌన్‌లోడ్ మొదలుపెట్టకుండా ఉంటే, వెనక్కి ఇస్తారు. ఆట లోపల వాడే నాణేలు, ప్యాకెట్లు చేతికి అందేశాక ఇవ్వరు. అడగడంలో తప్పు లేదు, మీ అబ్బాయిని రాయమనండి, కానీ ఆ డబ్బు మీద లెక్కలు వేసుకోవద్దు.

అసలు ఆ ప్యాకెట్లు ఏమిటో మీరు తెలుసుకుంటే మీకు ఇంకా కోపం వస్తుంది. తీర్థంలో చిన్నప్పుడు లాగే లాటరీ చీటీ లాంటిదే అది. లోపల ఏ ఆటగాడు వస్తాడో కొనే ముందు తెలీదు, పెద్ద ఆటగాడు రావడం అరుదు, రాకపోతే ఇంకోటి కొనాలనిపిస్తుంది. బెల్జియంలో 2018లో ఇలాంటివి జూదం కిందికే వస్తాయని తేల్చారు, ఆ తర్వాత అక్కడ ఫుట్‌బాల్ ఆట కంపెనీ ఆ ప్యాకెట్లు కొనుక్కునే నాణేలు అమ్మడం మానేసింది. మనవడు దొంగతనం చేశాడు అనుకునే ముందు ఇది కూడా లెక్కలోకి తీసుకోండి. పెద్దవాళ్లే ఆగలేకపోతున్నారు, వాడికి ఎన్నేళ్లుంటాయి పాపం.

మీ అబ్బాయి చేయాల్సినవి ఇవి: తన ప్రొఫైల్‌కి నాలుగంకెల లాగిన్ పాస్‌కోడ్, కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా చెకౌట్ దగ్గర సెట్టింగ్, వాలెట్‌లో అవసరమైనంతే డబ్బు. కొడుక్కి వాడి అకౌంట్‌లో నెలకి ఓ రెండొందలో మూడొందలో ఖర్చు పరిమితి ఇస్తే ఇంకా మంచిది, వాడే లెక్క చూసుకుంటాడు. పాస్‌కోడ్ పెట్టేటప్పుడు వాడి పుట్టినరోజు, బండి నంబరు వద్దు. పిల్లలకి అవి మనకంటే బాగా గుర్తుంటాయి.

ప్రశ్న: అన్నా, నేను భీమవరం, పదో తరగతి. మా నాన్న రాత్రిళ్లు రొయ్యల చెరువు మీద ఉంటాడు, అయినా నేను ఏ ఆట ఎంతసేపు ఆడానో అన్నీ చెప్పేస్తున్నాడు. నా మెసేజ్‌లు కూడా చదువుతున్నాడా? ఇంకోటి, నా పాత అకౌంట్‌లో పుట్టిన సంవత్సరం 1998 అని పెట్టాను. ఇప్పుడు అది వద్దు, కొత్తగా పిల్లల అకౌంట్ తెరవాలి అంటున్నాడు. నా ట్రోఫీలన్నీ పోతాయి కదా? ఇది అన్యాయం కదన్నా? – పేరు వద్దు

జవాబు: మెసేజ్‌లు చదవడం లేదు తమ్ముడూ, టెన్షన్ పడకు. 2025 సెప్టెంబరులో ప్లేస్టేషన్ ఫ్యామిలీ అని కొత్త యాప్ వచ్చింది. అందులో నువ్వు ఇప్పుడు ఏ ఆట ఆడుతున్నావు, ఈ రోజు ఎంతసేపు, ఈ వారం ఎంతసేపు అని కనిపిస్తుంది. గంటలు మార్చొచ్చు, నువ్వు అడిగిన అదనపు టైముకి సరే అనొచ్చు, ఎంత డబ్బు ఖర్చు పెట్టొచ్చో చూడొచ్చు. ఎవరితో మాట్లాడొచ్చు, మాట్లాడకూడదు అని కూడా పెట్టొచ్చు. నువ్వు ఫ్రెండ్‌కి ఏం రాశావో మాత్రం అందులో రాదు.

1998 సంగతికి వస్తే, మీ నాన్న అన్నదే దారి. పెద్దవాళ్ల అకౌంట్‌కి ఇలాంటి హద్దులు పెట్టడం కుదరదు, ఆ సిస్టమ్ దృష్టిలో నువ్వు పెళ్లీడు దాటిన మనిషివి. ట్రోఫీలు కొత్త అకౌంట్‌కి రావు, అకౌంట్ నుంచి అకౌంట్‌కి మార్చే పద్ధతి లేదు, నిజం చెప్పాలి కదా. పాత అకౌంట్ చెరిపేయొద్దని నాన్నని అడుగు, ట్రోఫీలు అక్కడే భద్రంగా ఉంటాయి. ఆటలు మాత్రం పోవు. పాత అకౌంట్‌తో కొన్నవి అదే బాక్సులో కొత్త అకౌంట్ నుంచి కూడా ఆడుకోవచ్చు. పాత అకౌంట్‌లో కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అన్నది ఆన్‌లో ఉండాలి అంతే. సేవ్ చేసుకున్న ఆట మాత్రం మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే.

అన్యాయమా అని అడిగావు. కొత్త అకౌంట్ తెరవడం అన్యాయం కాదు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకోకుండా గంటలు పెట్టేస్తే మాత్రం నీకు అలా అనిపించడంలో తప్పు లేదు, అందుకే నువ్వే ముందు అడుగు. ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో లాగౌట్ అయితే నీ టీమ్‌తో గొడవ, కొన్ని ఆటల్లో పెనాల్టీ కూడా పడుతుంది. ఇది మీ నాన్నకి తెలిసే అవకాశం లేదు. "ముప్పావు గంట కాదు నాన్నా, మ్యాచ్ పూర్తయ్యేలా గంటన్నర ఇవ్వు, కావాలంటే రెండు రోజులకోసారి ఇవ్వు" అని అడిగి చూడు. చెరువు మీద ఏరేటర్లు ఏ టైముకి వేయాలో, ఎప్పుడు ఆపాలో లెక్కగా చూసుకునే మనిషి, ఈ లెక్క ఆయనకి అర్థం కాకపోదు.

ఒక్కటి మాత్రం మాటివ్వు. "నీ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వు, ఫ్రీగా కాయిన్స్ వేస్తా" అనేవాడు ఎవడైనా సరే, క్లాస్‌మేట్ అయినా సరే, ఇవ్వకు. టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది, ఆన్ చేసుకో. ఎప్పుడైనా ఇచ్చేసి డబ్బు పోతే దాచుకుని కూర్చోకు, నాన్నకి చెప్పి వెంటనే 1930కి ఫోన్ చేయించు. సైబర్ మోసాలకి అదే నంబరు, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: మాది అమలాపురం. మా అక్క కొడుకు మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు, తొమ్మిదేళ్లు. వాడి పెదనాన్న కొడుకు ఇచ్చిన సీడీలో కాల్చడాలు, కార్లు దొంగిలించడాలు. డబ్బా మీద 18 అని ఉంది. అది కష్టమైన ఆట అనుకున్నాను. దుకాణంలో ఇలాంటివి పిల్లలకి ఎలా ఇస్తారు? – పిన్ని

జవాబు: ఆ అంకె ఆట కష్టమో తేలికో చెప్పదండీ, లోపల ఏం చూపిస్తారో చెబుతుంది. యూరప్‌లో 2003 నుంచి ఉన్న పెగీ అనే సంస్థ 3, 7, 12, 16, 18 అని ఐదు అంకెలు వేస్తుంది. అమెరికా వాళ్లది వేరే, అక్కడ 1994 నుంచి ఈఎస్ఆర్‌బీ అక్షరాలు వేస్తుంది, ఈ అంటే అందరికీ, టీ అంటే 13 దాటినవాళ్లకి, ఎం అంటే 17 దాటినవాళ్లకి. గల్ఫ్ నుంచీ అమెరికా నుంచీ చుట్టాలు తెచ్చే డబ్బాలతో మన దగ్గర రెండు రకాలూ తిరుగుతుంటాయి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఉన్న జీటీఏ 5కి ఒకరు 18, ఇంకొకరు ఎం ఇచ్చారు.

దుకాణం వాణ్ని అడిగి లాభం లేదు, సీడీలు ఎలాగూ చేతులు మారుతూనే ఉంటాయి. వాడి అకౌంట్‌లో వయసు పరిమితి పెట్టండి, అప్పుడు ఎవరి సీడీ తెచ్చి పెట్టినా ఆ పరిమితి దాటిన ఆట తెరుచుకోదు. ఏదైనా ఒక ఆట ఫర్వాలేదు అనిపిస్తే దాన్ని మాత్రం విడిగా అనుమతించొచ్చు. అయితే చిన్న అంకె చూసి నిశ్చింతగా ఉండిపోకండి. ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 అనే ఫుట్‌బాల్ ఆట మీద పెగీ 3 అనే ఉంది, పైన మాస్టారి మనవడు కొన్నలాంటి ప్యాకెట్లు అందులోనూ ఉన్నాయి. రోబ్లాక్స్, ఫోర్ట్‌నైట్ లాంటి వాటికి సొంత అకౌంటు, సొంత చాటింగు ఉంటాయి కాబట్టి వాటి లోపలికి వెళ్లి అక్కడ కూడా తల్లిదండ్రుల సెట్టింగ్స్ పెట్టాలి. ఇది కాస్త విసుగు పని, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది.

పండక్కో వేసవి సెలవులకో పిల్లలందరూ చేరినప్పుడు ఇంకో సమస్య వస్తుంది. గెస్ట్‌గా లాగిన్ అయిపోయి, లేదా కొత్త యూజర్ చేసుకుని ఆడేస్తారు, అప్పుడు మీరు పెట్టినవన్నీ వాడి ప్రొఫైల్‌లోనే పడి ఉంటాయి. కన్సోల్ రిస్ట్రిక్షన్స్‌లోకి వెళ్లి కొత్త యూజర్లనీ గెస్ట్‌లనీ ఆపేయండి. దాని పాస్‌కోడ్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు నాలుగు సున్నాలు. మార్చకపోతే పెట్టనట్టే.

ప్రశ్న: మాది ఎక్స్‌బాక్స్, మా తోడికోడలి ఇంట్లో నింటెండో స్విచ్. ఇవే పద్ధతులా? – తణుకు

జవాబు: దాదాపు ఇవే. ఎక్స్‌బాక్స్‌కి మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ గ్రూప్ ఉంటుంది, ఎక్స్‌బాక్స్ ఫ్యామిలీ సెట్టింగ్స్ అన్న యాప్ ఫోన్‌లో వేసుకుంటే గంటలు, కొనుగోళ్లకి అనుమతి అన్నీ దాంట్లోనే. స్విచ్‌కి కూడా యాప్ ఉంది, కానీ అక్కడ రోజువారీ టైము పిల్లవాడికి కాదు, మెషీన్ మొత్తానికి. ఇద్దరు పిల్లలుంటే పెద్దవాడు ఆడేస్తే చిన్నదానికి మిగలదు, ఏడుపులు ఖాయం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. రోజుకి ఎన్ని గంటలు ఆడితే వ్యసనం కింద లెక్క? – రావులపాలెం

జవాబు: గంటల లెక్క లేదండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆపుకోలేకపోవడం, చదువు, తిండి, స్నేహితుల కంటే ఆటే ముందు రావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా మామూలుగా ఓ ఏడాది పాటు సాగడం చూస్తారు. సెలవుల్లో నాలుగు రోజులు ఆడితే అది కాదు. నిద్ర, బడి, తిండి చెడిపోతున్నాయి అనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్ పీఎస్5 కొన్నాను. పిల్లల కంట్రోల్స్ పెడదామంటే పాస్‌కోడ్ అడుగుతోంది, నాలుగు సున్నాలు కొడితే కాదంటోంది. అమ్మినతను ఫోన్ ఎత్తట్లేదు. – ఒక తండ్రి

జవాబు: పాత యజమాని పాస్‌కోడ్ మార్చుకున్నాడు, అది తెలీకపోతే బాక్సుని మొదటికి తేవడమే దారి. పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, రెండో బీప్ వినపడ్డాక వదలండి. సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని వైరుతో కలిపి పీఎస్ బటన్ నొక్కితే మెనూ కదులుతుంది, అందులో రీసెట్ పీఎస్5 ఎంచుకోండి. లోపలున్న ఆటలు, సేవ్‌లు అన్నీ పోతాయి, పాస్‌కోడ్ మళ్లీ నాలుగు సున్నాలవుతుంది. ఇదే పని మీ పిల్లాడు కూడా చేయగలడు, తెలిసే ఉంటుంది. కానీ వాడి అకౌంట్‌కి పెట్టిన గంటలు, వయసు, డబ్బు పరిమితులు ఆన్‌లైన్‌లో ఉంటాయి కాబట్టి మళ్లీ లాగిన్ అవగానే అవన్నీ తిరిగొస్తాయి. మీరు మాత్రం ముందు మీ పేరుతో పెద్దవాళ్ల అకౌంట్ తెరిచి, ఆ తర్వాతే వాడిది తెరవండి. వైరు విషయంలో ఒక మాట, కొన్ని ఫోన్ వైర్లు ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు, అలాంటిది పెడితే సేఫ్ మోడ్‌లో కంట్రోలర్ ఎంత నొక్కినా కదలదు.